మహానగరానికి బాధ్యులెవరు? హైదరాబాద్ పాలనా స్వరూపంపై ఒక సమీక్ష

రాత్రంతా కురిసిన వానకు ఒక కాలనీ మునిగిందనుకుందాం. వాననీటి నాలా జీహెచ్‌ఎంసీది. పక్కనే పొంగుతున్న మురుగు మ్యాన్‌హోలు జలమండలిది. ఎగువన ఉన్న చెరువు కట్ట నీటిపారుదల శాఖది. శివార్లలో ఆ చెరువు దాపున లేఅవుటుకు అనుమతి ఇచ్చింది మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ. నాలా మీద కట్టిన గోడను తొలగించే పని 2024 జూలై నుంచి హైడ్రాకు అప్పగించారు. ఇందరిలో కాలనీవాసులు నగరపాలన కోసమని ఓటేసి గెలిపించుకున్నది కార్పొరేటర్‌ను ఒక్కరినే. ఆ కార్పొరేటర్ వీళ్ళలో ఎవరికైనా ఫోన్ చేయగలరు, ఎవరినీ ఆదేశించలేరు. మేయరు పరిస్థితీ ఇంచుమించు అంతే.

హైదరాబాద్ పాలనా స్వరూపాన్ని మార్చాలా వద్దా అనే చర్చ మొదలు కావలసింది ఇక్కడే. 2025 డిసెంబరులో చుట్టుపక్కల ఉన్న 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపారు. సుమారు 650 చదరపు కిలోమీటర్లున్న నగరం రెండు వేలు దాటింది. 150 డివిజన్లు 300 అయ్యాయి. 2026 ఫిబ్రవరిలో పాత పాలకమండలి అయిదేళ్ళ గడువు ముగిసింది. దీంతో ఎప్పటి నుంచో నానుతున్న మూడు ప్రశ్నలు ఒకేసారి ముందుకొచ్చాయి. మేయరును జనం నేరుగా ఎన్నుకోవాలా? కార్యనిర్వాహక అధికారం కమిషనర్ దగ్గరే ఉండాలా, ఎన్నికైనవారి చేతికి రావాలా? ఇంత నగరానికి ఒకే కార్పొరేషన్ చాలునా, విడగొట్టాలా?

ఈ మూడింటి మీదా మన దేశంలోనూ బయటా కావలసినంత అనుభవం పోగుపడి ఉంది. అదంతా చూశాక నాకు రెండు విషయాలు తేటపడ్డాయి. అధికారాలు మార్చకుండా ఎన్నిక పద్ధతిని మాత్రం మారిస్తే నగరానికి ఒరిగేది చాలా తక్కువ. నగర స్వరూపాన్ని నగరవాసుల మాట వినకుండా మార్చినంత కాలం ఏ మార్పూ నిలవదు.

చరిత్ర చెప్పే మాట

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా 1869లో హైదరాబాద్‌లో పురపాలన మొదలైంది. నగరానికొకటి, చాదర్‌ఘాట్‌కొకటిగా నడిచిన వ్యవస్థలు 1933లో ఒకటయ్యాయి. 1951లో మాడపాటి హనుమంతరావు హైదరాబాద్ మేయరయ్యారు. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్‌ను కూడా కలిపేశారు. 2007 ఏప్రిల్‌లో 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను చేర్చి జీహెచ్‌ఎంసీని ఏర్పాటుచేశారు. ఇలా నగరం విలీనాలతోనే పెరిగింది. వాటిలో ఏ ఒక్కదాని గురించీ కలిసేవాళ్ళను గానీ కలుపుకునేవాళ్ళను గానీ ఓటు అడగలేదు.

ఇంకొక ధోరణి కూడా ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది. పెద్ద పని వచ్చినప్పుడల్లా దాన్ని నగర సంస్థకు అప్పగించకుండా పక్కన కొత్త సంస్థను పెట్టడం. 1908 మూసీ వరద తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఆ బోర్డు రోడ్లు వేసింది, ఇరుకు బస్తీలను తిరిగి కట్టింది, నగరానికి ఎంతో మేలు చేసింది. అయితే పెద్ద పనులు పురపాలక సంఘం వల్ల కావన్న అభిప్రాయం కూడా అప్పటి నుంచే బలపడింది. తరువాత 1975లో హుడా, 1989లో జలమండలి, 2007లో మెట్రో రైలు సంస్థ, 2008లో హెచ్‌ఎండీఏ, 2024లో హైడ్రా వచ్చాయి. ప్రతిదానికీ ఆనాటికి తగిన కారణం ఉంది. మొత్తం కలిపి చూస్తే మాత్రం ఎన్నికైన సంస్థ చేతిలో మిగిలింది చెత్త, వీధిదీపాలు, లోపలి రోడ్లు, భవన అనుమతులు, జనన మరణ ధ్రువపత్రాల వంటి పనులే.

మిగిలిన ఆ కొద్దిపాటి అధికారమైనా ఎన్నికైనవారి చేతిలో నిలకడగా ఉన్నదా అంటే అదీ లేదు. 1970 నుంచి 1986 దాకా, మళ్ళీ 1991 నుంచి 2002 దాకా హైదరాబాద్‌కు ఎన్నికైన కౌన్సిలే లేదు, ప్రత్యేకాధికారులే నడిపారు. ఆ 32 ఏళ్ళలో ప్రజాప్రతినిధుల పాలన సాగింది సుమారు అయిదేళ్ళు. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడ్డాక తొలి ఎన్నిక జరగడానికి 2009 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ కౌన్సిల్ గడువు 2014 చివర ముగిస్తే తరువాతి ఎన్నిక 2016 ఫిబ్రవరిలో జరిగింది. పాలకమండలి గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఏ నమూనా మంచిదని వాదించుకునే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి: ఎన్నికే జరగని చోట నమూనా ఏదైనా ఒకటే.

ఇప్పుడున్న పద్ధతి

నగరం నడుస్తున్నది 1955 నాటి చట్టం కింద. విశాఖపట్నం, విజయవాడ కార్పొరేషన్లకూ మూలం ఇదే. ఇందులో మూడు అధికార కేంద్రాలు ఉంటాయి. కౌన్సిల్ చర్చించి తీర్మానిస్తుంది. స్థాయీ సంఘం ఖర్చులకు ఆమోదం ఇస్తుంది. అమలు చేసే అధికారమంతా కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ను నియమించేదీ బదిలీ చేసేదీ రాష్ట్ర ప్రభుత్వం. 1888లో బొంబాయి నగరానికి చేసిన చట్టం నాటిన పద్ధతి ఇది. పన్నులు కట్టే స్థానికులకు మాట్లాడే చోటు ఇచ్చి, పగ్గాలు మాత్రం సర్కారు అధికారి చేతిలో ఉంచడం వలస పాలకులకు అవసరమైంది. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ ఏర్పాటు రాష్ట్ర ప్రభుత్వాలకు బాగానే సరిపోయింది.

1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ పరిస్థితిని మార్చాల్సింది. పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, అగ్నిమాపకం సహా 18 అంశాలను పట్టణ సంస్థలకు ఇవ్వవచ్చని రాశారు. ఇవ్వవచ్చన్నారు గానీ ఇచ్చి తీరాలనలేదు. హైదరాబాద్‌లో నీరు జలమండలి దగ్గర, మహానగర ప్రణాళిక ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా ఉండే హెచ్‌ఎండీఏ దగ్గర, అగ్నిమాపకం రాష్ట్ర శాఖ దగ్గర ఉండిపోయాయి. మహానగర ప్రణాళికా సంఘంలో మూడింట రెండు వంతుల సభ్యులను స్థానిక సంస్థల ప్రతినిధులే తమలోంచి ఎన్నుకోవాలని రాజ్యాంగం చెబుతోంది. ఆ స్ఫూర్తికి హెచ్‌ఎండీఏ నిర్మాణం చాలా దూరం.

డబ్బు సంగతీ ఇలాగే ఉంది. నగర సంస్థకు సొంతమని చెప్పుకోదగిన పెద్ద ఆదాయం ఆస్తిపన్ను. ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను ఉన్న ఇళ్ళకు దాన్ని 101 రూపాయలకు తగ్గిస్తున్నట్టు 2016 ఎన్నికలకు ముందు ప్రకటించింది రాష్ట్ర ప్రభుత్వం. పేదలకు ఊరట ఇవ్వడం తప్పు కాదు. కానీ ఆదాయం తగ్గేది కార్పొరేషన్‌కు, ఆ నిర్ణయం తీసుకున్నది రాష్ట్రం. తన పన్నును తానే నిర్ణయించుకోలేని సంస్థ సొంతంగా ప్రణాళిక ఎలా వేసుకోగలదు?

మేయరును నేరుగా ఎన్నుకుంటే?

ఇది తెలుగువారికి కొత్త ఆలోచన కాదు. విజయవాడ, విశాఖపట్నం నగరాలు 1995లోనూ 2000లోనూ మేయరును నేరుగా ఎన్నుకున్నాయి. 2000లో విజయవాడ మేయరైన పంచుమర్తి అనురాధకు అప్పటికి 26 ఏళ్ళు. 2002లో హైదరాబాద్ ఓటర్లు తీగల కృష్ణారెడ్డిని నేరుగా గెలిపించారు. ఆ తరువాత ప్రభుత్వం మారింది, పద్ధతీ మారింది. మేయరును ఎన్నుకునే పని మళ్ళీ కార్పొరేటర్లకు వెళ్ళింది.

నేరుగా ఎన్నిక కావాలనేవారి వాదనలో బలం ఉంది. పరోక్ష పద్ధతిలో ఓటరు ఎవరికి ఓటేసినా మేయరు ఎవరవుతారో తెలియదు. 2009లో ఏర్పడ్డ కౌన్సిల్‌లో కాంగ్రెస్, మజ్లిస్ పార్టీలు పదవిని పంచుకున్నాయి. గడువు మధ్యలో మేయరు మారారు, నగరం ఓటు మాత్రం మారలేదు. 2020 డిసెంబరులో 150 డివిజన్లలో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఓటేసే వీలున్న చోట మేయరు పదవిని తేల్చేది డివిజన్ ఓటరు ఒక్కరే కాదు. విశాఖలో 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానంతో మేయరు మారారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కార్పొరేటర్లు పార్టీలు మారడం, వాళ్ళతో పాటు నగర పీఠం చేతులు మారడం మనకు అలవాటైపోయింది. 2020లో హైదరాబాద్ ఓటర్లలో సగం మంది కూడా పోలింగు కేంద్రానికి రాలేదు. తన ఓటుతో నగరానికి నాయకుడు వస్తాడన్న నమ్మకం లేకపోవడం ఇందుకు ఒక కారణమని నేననుకుంటాను.

అభ్యంతరాల్లోనూ పస ఉంది. జనం నేరుగా గెలిపించిన మేయరుకు కౌన్సిల్‌లో బలం లేకపోతే ఏమవుతుందో సిమ్లా చూపించింది. 2012లో అక్కడ మేయరు, ఉపమేయరు పదవులు రెండూ సీపీఎం గెలిచింది. 25 వార్డుల్లో ఆ పార్టీకి వచ్చినవి మూడే. తరువాత ఆ రాష్ట్రం మళ్ళీ పరోక్ష పద్ధతికి వెళ్ళింది. మొత్తం నగరం మీద పోటీ చేయాలంటే డబ్బున్నవారికీ పేరున్నవారికీ తప్ప సాధ్యం కాదనే భయం కూడా న్యాయమైనదే.

అయితే పద్ధతులు తారుమారవుతున్నది ఈ అభ్యంతరాలను తూచి చూసినందువల్ల కాదు. చెన్నైలో 1996లో నేరుగా ఎన్నిక, 2006లో పరోక్షం, 2011లో మళ్ళీ నేరుగా, 2022లో మళ్ళీ పరోక్షం. మధ్యప్రదేశ్‌లో 2019లో పరోక్షానికి మార్చారు, 2022 ఎన్నికల నాటికి మళ్ళీ నేరుగా పెట్టారు. ఏ పద్ధతిలో మేయరు పీఠం తమకు దక్కుతుందో ఆ పద్ధతినే అధికార పార్టీలు ఎంచుకున్నాయి. ఇంకొక భయం కూడా ఉంది. 2020లో జీహెచ్‌ఎంసీ ఓటర్లు 74 లక్షల పైచిలుకు. అంతమంది నుంచి నేరుగా ఓట్లు అడిగి గెలిచే నాయకుడు రాష్ట్రంలో మరొకరు ఉండరు, ముఖ్యమంత్రి సైతం ఒక నియోజకవర్గం నుంచే గెలుస్తారు. 1996లో చెన్నై మేయరుగా గెలిచిన స్టాలిన్ 2002లో ఆ పదవి వదులుకోవలసి వచ్చింది, ఒకే వ్యక్తి ఎన్నికైన రెండు పదవుల్లో ఉండరాదని అక్కడి ప్రభుత్వం చట్టం తెచ్చినందువల్ల. బలమైన మేయరు అంటే రాష్ట్ర రాజధానిలో రెండో అధికార కేంద్రం. ఆ వెరపును అర్థం చేసుకోకుండా ఈ చర్చ అర్థం కాదు.

మన తెలుగు నగరాల అనుభవంలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. 1995లో, 2000లో, 2002లో మారింది ఎన్నిక పద్ధతి మాత్రమే. కార్యనిర్వాహక అధికారం అప్పుడూ కమిషనర్‌దే. లక్షల ఓట్లతో గెలిచిన మేయరు చేతికి అధికారం ఇవ్వనప్పుడు ఆ ప్రయోగం ఫలించిందనీ చెప్పలేం, విఫలమైందనీ చెప్పలేం. అది సగం ప్రయోగం. దాన్ని చూపించి నేరుగా ఎన్నిక పనికిరాదనడం సరికాదు.

కలకత్తా దారి

రెండో ప్రశ్నకు జవాబు కలకత్తా ఇస్తుంది. 1980 నాటి చట్టంతో అక్కడ మేయర్-ఇన్-కౌన్సిల్ పద్ధతి వచ్చింది. మేయరు కౌన్సిలర్లలోంచి కొందరిని ఎంచుకుంటారు, ఒక్కొక్కరికి ఒక్కో శాఖ అప్పగిస్తారు. కార్యనిర్వాహక అధికారం ఆ బృందానిది. కమిషనర్ వారి కింద పనిచేస్తారు. రాష్ట్రంలో మంత్రివర్గానికీ కార్యదర్శులకూ మధ్య ఉన్న సంబంధమే ఇక్కడ నగర స్థాయిలో ఉంటుంది. నీళ్ళు రాకపోతే ఎవరిని నిలదీయాలో జనానికి తెలుస్తుంది.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. 2018లో కలకత్తా మేయరైనవారు అప్పటికే రాష్ట్ర మంత్రి. అలాంటప్పుడు నగరం తరఫున రాష్ట్రాన్ని అడగాల్సిన మనిషీ జవాబు చెప్పాల్సిన మనిషీ ఒక్కరే అవుతారు. ముంబయిలో 1998లో ఇదే పద్ధతి తెచ్చి, ఏడాది తిరక్కుండానే వదిలేశారు. పైగా కార్పొరేటర్లకు శాఖలు ఇస్తే కాంట్రాక్టుల్లో చేతివాటం పెరుగుతుందని చాలామంది అంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అవినీతి ఇప్పుడూ ఉంది. తేడా ఒకటే. ఎన్నికైనవారి చేతిలో అధికారం ఉంటే తప్పు చేసినవారిని అయిదేళ్ళకొకసారి ఇంటికి పంపే వీలు ఓటరుకు ఉంటుంది. బదిలీ మీద వచ్చి బదిలీ మీద వెళ్ళే అధికారిని ఓటరు ఏమీ చేయలేరు. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో ఇచ్చిన స్థానిక పాలన నివేదికలో మేయరును నేరుగా ఎన్నుకోవాలనీ, కార్యనిర్వాహక అధికారమూ మేయరుకే ఇవ్వాలనీ కలిపి చెప్పింది. ఆ రెండు మాటలనూ కలిపి చెప్పడంలోనే దాని విలువ ఉంది.

ఒకటా, చాలా?

విడగొట్టాలనేవారు ముందు ఢిల్లీని చూడాలి. 2012లో ఢిల్లీ కార్పొరేషన్‌ను ఉత్తర, దక్షిణ, తూర్పు సంస్థలుగా మూడు చేశారు. పాలన దగ్గరవుతుందని చెప్పారు. కానీ సంపన్న ప్రాంతాలు దక్షిణానికి పోయాయి. తూర్పు, ఉత్తర సంస్థలు పారిశుధ్య కార్మికులకు, టీచర్లకు నెలనెలా జీతాలు ఇవ్వలేకపోయాయి. సమ్మెలు జరిగాయి, వీధుల్లో చెత్త పేరుకుపోయింది. చివరకు 2022 మేలో మూడింటినీ మళ్ళీ కలిపేశారు. హైదరాబాద్‌లోనూ ఐటీ కారిడార్ నుంచి వచ్చే పన్నుకూ పాతబస్తీ నుంచి వచ్చే పన్నుకూ పోలిక లేదు. డబ్బు పంచుకునే ఏర్పాటు చట్టంలోనే లేకుండా గీత గీస్తే పేద బస్తీలు పేద సంస్థలో చిక్కుకుపోతాయి.

బెంగళూరు ఇప్పుడు మరో దారి పట్టింది. 198 వార్డుల పాత నగర సంస్థ బీబీఎంపీ స్థానంలో 2025 సెప్టెంబరులో అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. వాటి మీద ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంది. నగరం మొత్తానికి సంబంధించిన పనులు పై సంస్థకు, వీధి స్థాయి పనులు కింది సంస్థలకు అన్న ఆలోచన మంచిదే. లండన్‌లో 2000 నుంచి ఇలాంటి రెండంచెల పాలనే నడుస్తోంది. కానీ అక్కడ పై అంచెలో ఉన్నది నగరవాసులు నేరుగా ఎన్నుకున్న మేయరు. బెంగళూరులో ఆ స్థానంలో ముఖ్యమంత్రి ఉన్నారు. పాత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిస్తే, అయిదేళ్ళు ఎన్నికల్లేకుండా గడిచాక ఈ పునర్విభజన జరిగింది. విడిపోవాలో వద్దో చెప్పడానికి నగరానికి ఎన్నికైన గొంతే లేదు.

నా అభిప్రాయంలో సంఖ్య అసలు సమస్య కాదు. మూసీ నది, నాలాలు, చెరువులు, రవాణా, చెత్త డంపింగు వంటివి హద్దులను పట్టించుకోవు, వాటికి మహానగరమంతటికీ ఒకే ఎన్నికైన వేదిక కావాలి. పార్కు, ఫుట్‌పాత్, వీధిదీపం, బస్తీ దవాఖానా వంటివి ఇంటికి దగ్గరలోనే తేలాలి. ఈ రెండు స్థాయులకూ ఎవరి అధికారం ఎంతో, ఎవరి డబ్బు ఎంతో చట్టంలో స్పష్టంగా రాస్తే కార్పొరేషన్లు మూడున్నా అయిదున్నా పనిచేస్తాయి. రాయకపోతే ఒకటైనా పనిచేయదు.

ఎవరు తేల్చాలి?

ఇంగ్లండ్‌లో 2012 మేలో పది నగరాల ప్రజలను ఒక ప్రశ్న అడిగారు: మీకు నేరుగా ఎన్నికయ్యే మేయరు కావాలా? బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లీడ్స్ సహా తొమ్మిది నగరాలు వద్దన్నాయి. బ్రిస్టల్ కావాలంది. పదేళ్ళు ఆ పద్ధతిని చూశాక, 2022 మేలో బ్రిస్టల్ మళ్ళీ ఓటేసింది. ఈసారి 59 శాతం మంది మేయరు పద్ధతిని వదిలి కమిటీల పాలన కోరుకున్నారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం 1913 నుంచి ఎన్నికైన కమిషనర్లే తలా కొన్ని శాఖలు నడిపే పద్ధతిలో ఉండేది. 2007లో దాన్ని మార్చే ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించారు. తరువాత 20 మంది పౌరుల సంఘం నగర శాసనాన్ని పరిశీలించి కొత్త ప్రతిపాదన చేస్తే 2022లో ఆమోదించారు. 2025 జనవరి నుంచి నాలుగు ప్రాంతాల నుంచి పన్నెండు మంది సభ్యుల కౌన్సిల్ కొలువుదీరింది.

ఆ నగరాలు ఎంచుకున్న నమూనాలు మనకు సరిపోతాయని కాదు. ఒక నగరం మేయరు కావాలంది, మరొకటి వద్దంది, ఒకటి మనసు మార్చుకుంది. మూడుచోట్లా అడిగింది నగరాన్నే కాబట్టి ఫలితాన్ని ఓడినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. మనకు మార్పులు ఆర్డినెన్సులతో, జీవోలతో వచ్చాయి. అలా వచ్చినవి తరువాతి ప్రభుత్వం ఆర్డినెన్సుతోనే పోతాయి. మన చట్టాల్లో ప్రజాభిప్రాయ సేకరణకు ఓటు పెట్టే ఏర్పాటు లేదు నిజమే. కానీ పౌరులతో, నిపుణులతో సంఘం వేయడానికి, ముసాయిదాను తెలుగు, ఉర్దూలలో డివిజన్ డివిజన్‌కూ పంపడానికి, వార్డు సభల్లో చర్చించడానికి, ఎన్నికైన కౌన్సిల్ అభిప్రాయం తీసుకున్నాకే శాసనసభలో బిల్లు పెట్టడానికి అడ్డేమీ లేదు.

ముందేది, వెనకేది

ఈ సమీక్షను బట్టి నేను కోరేది ఒక వరస. అన్నిటికన్నా ముందు, గడువులోపు ఎన్నిక. డివిజన్ల పునర్విభజన, రిజర్వేషన్ల ఖరారు రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగిస్తే వాయిదాలకు సాకులు తగ్గుతాయి. రెండోది, కార్యనిర్వాహక అధికారం మేయరుకూ మేయరు ఎంచుకున్న బృందానికీ ఇవ్వాలి, కమిషనర్ వారికి జవాబుదారీ కావాలి. మంత్రి పదవిలో ఉన్నవారు మేయరుగా ఉండరాదు. ఎక్స్ అఫీషియో సభ్యులు చర్చలో పాల్గొనవచ్చు, మేయరు ఎన్నికలో ఓటు మాత్రం ఉండకూడదు. మూడోది, జలమండలి, మహానగర ప్రణాళిక ఎన్నికైన సంస్థ కిందికి రావాలి. రాష్ట్రం పన్ను రాయితీ ప్రకటిస్తే ఆ లోటు రాష్ట్రమే భర్తీ చేయాలి. ఇవన్నీ జరిగాక మేయరును నేరుగా ఎన్నుకుందాం. కౌన్సిల్‌కు బడ్జెట్ మీద గట్టి పట్టు, మూడింట రెండు వంతుల మెజారిటీతో మేయరును తొలగించే వీలు ఉంచుదాం.

ఈ వరస తిరగబడితే, అంటే ఖాళీ కుర్చీకి ముందు ఘనంగా ఎన్నిక పెట్టి అధికారాల సంగతి తరువాత చూద్దామంటే, 2002 అనుభవమే మళ్ళీ వస్తుంది. విజయవాడ, విశాఖ, వరంగల్ కూడా ఇదే దారిలో పెరుగుతున్నాయి కనుక హైదరాబాద్‌లో తేలే జవాబు ఆ నగరాలకూ ఆనవాలవుతుంది. కాబట్టి రానున్న నగర ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ప్రతి పార్టీనీ ఒకే ప్రశ్న అడగాలి: మా నగరానికి ఏ అధికారాలు రాతపూర్వకంగా ఇస్తారు, ఎప్పటిలోగా ఇస్తారు? దానికి సూటిగా జవాబు చెప్పినవారికి ఓటు వేద్దాం.